ఐలేశం బావకు కుదుపు తగలకుండ

కుదుపుతాందా? ఎప్పుడు కుదుపుతాంది, ఒకటి మీదికెళ్లి రెండుకు పోయేటప్పుడా, ఆగేటప్పుడా? నువ్వు ఆటోమేటిక్ కారు కొన్నవని మీ అమ్మ పేడాలు తెచ్చిచ్చిన నాడే అనుకున్న, గీ పోరడు ఒకరోజు నా గడప తొక్కుతడని. కూసో శ్రవణ్. ఆ కుర్చీల వద్దు, దాని కాలు ఊగుతది, మంచం మీద కూసో. పక్కింటి సిద్దిరాములు తాత బస్సు నడిపినోడు, గేర్ల సంగతి ఆయనకే ఎరుక అని వచ్చినవ్, మంచిదే. గని బిడ్డా, నేను చెప్తున్న ఇను, కొన్నకాడికే తోల్కపొయ్యి వాళ్ల షెడ్డుల చూపెట్టు. ఇంటికాడ పానా పట్టకు. ఆటోమేటిక్ గేరును ఇంటికాడ సక్కజేసిన మొనగాడు గీ మర్రిగూడల ఒక్కడే ఉన్నడు, వాడు నేనే. నా కత ఇన్నంక నువ్వే పానా తీసి అటక మీద పడేస్తవ్.

మా ఐలేశం బావ లేడా... అరె, నీకు యాడ యాదికుంటది, నువ్వు గప్పుడు నిక్కరు మీద తిరుగుతున్నవ్. మా నర్సింగక్క పెనిమిటి. గా సందు మూలకు మగ్గం చప్పుడొచ్చే ఇల్లుండె చూడు, గదే. నేను కూడ మగ్గపు ఇంట్ల పుట్టినోన్నే, గని మగ్గం కింది గుంటల కాళ్లు వెట్టి కూసునుడంటె నాకు పానం మీదికొచ్చేది, ఉరికొచ్చి బస్సెక్కిన. ఎక్కుడంటె స్టీరింగ్ కాడ. బావ యాడికీ పోలే. ఆయన నడుము కూడ యాడికీ పోలే, ఉన్నకాడనే బిగుసుకపోయింది. గీ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి ఎంతమంది వంగిపోయిన్రో నీకు నేను చెప్పాల్నా. బావ వంగలే, కట్టె లెక్క నిలవడ్డడు. మెడ తిరగది. ఎవలన్న పిలిస్తె మనిషంత తిరుగుడే, బీరువను జరిపినట్టు. తర్వాత ఇంటింటికి నల్లా నీళ్లొచ్చినయ్ గని ఎముకలకు ఆ ముచ్చట ఎవలు చెప్పాలె? ఒక్క నోరు మాత్రం సక్కగ తిరిగేది. "నోట్లె ఎముక లేదురా సిద్దీ, గందుకే బతికిపోయింది" అనేటోడు. ఆ నోటికి సగం తిండి నేనే. నా నడక, నా కండ్లద్దాలు, నా కూర, అన్నిటికి పేరు పెట్టేది. బామ్మర్దిని గద, పడాలె. నేను కూడ తక్కువ తినలే అనుకో.

ఆ... గేరు ముచ్చట. వస్తున్న, ఆగు. రాష్ట్రమొచ్చినంక రెండు మూడేండ్లకు అనుకో, బావ మగ్గం ఎత్తేసుడని నిర్ణయం చేసిండు. కాళ్లు గుంటల దిగుతలేవు, అక్క పట్టి దించాలె, పట్టి లేపాలె. అయితె ఎత్తేసే ముందు ఆఖరి చీర ఆలంపూర్ల జోగులాంబ అమ్మకు నేస్తనని మొక్కిండు. ఆరెంజి మీద ఆకుపచ్చ అంచు. ఎన్ని రోజులు నేసిండో, రోజుకు జానెడు, ఒక్కోరోజు గదీ లేదు. అయిపోయింది. ఇగ చీర ఆలంపూర్ పోవాలె. నేనన్న, "బావా, మనోళ్లు ఎవలన్న పోతె పంపుదాం, నువ్వు గంత దూరం కూసోలేవు." ఆయన బీరువ లెక్క మొత్తం నా దిక్కు తిరిగిండు. "నీ అక్కకు పెండ్లి చీర నేను తెచ్చిన్నా, ఎవలితోనన్న పంపిన్నా? అమ్మకు చీర పార్శిల్ పంపుతారురా? నేనే పోతా, నా చేతుల్తోనే ఇస్తా." బస్సుల తీస్కపోదామంటె, ఒక్క గుంటల పడ్డదంటె ఆయన మెడకాడికెళ్లి నడుము దాకా కరెంటు కొట్టినట్టయితది. మనిషి పండ్లు కొరుక్కుంటడు, కండ్లల్ల నీళ్లు తిరుగుతయ్, గని చూసినోళ్లను తిడ్తడు. గప్పుడే నేను నోరు జారిన. "ఫికర్ చెయ్యకు బావా, నేను కారు కొంటున్న, నిన్ను పూలల్ల వెట్టి తోల్కపోత" అన్న.

నిజంగనే కొంటున్న మల్ల. నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కి తొక్కి పోయింది. క్లచ్ లేని కార్లు కూడ ఉంటయని తెలిసి, హైదరాబాద్ల ఒక డాక్టరమ్మ అమ్ముతాంటె పాత కారు తెచ్చిన. చిన్నది, తెల్లది. పూజ చేయించిన. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన్రు. నేను లోపల కూసున్నోన్ని, కొబ్బరికాయ కొట్టుమంటె దిగిన. దిగేటప్పుడు గేరు పుల్ల డీ మీదనే ఉన్నది! బస్సైతె కాలు తీస్తె ఆగిపోతది, గిదేమో యాక్సిలేటర్ తొక్కకున్నా మెల్లగ నడుస్తదని నాకేమెరుక? నేను కాయ పట్టుకొని నిలవడ్డ, కారు నిమ్మకాయలు తొక్కుకుంట సక్కగ ఎదురింటోళ్ల గడ్డివాముల దూరింది. అందరు ఉరికిన్రు. బావ ఉరకలేడు గద, అరుగు మీదికెళ్లి నవ్వుడే నవ్వుడు. "సిద్దీ, నువ్వు లేకుంటనే మంచిగ నడుస్తాంది కదరా, నువ్వు ఇంట్ల పండుకో, నేను దీంట్ల ఆలంపూర్ పోయొస్త" అని. ఊరు ఊరంత అదే ముచ్చట. ముప్పై ఏండ్ల సర్వీసు, ఒక్క యాక్సిడెంట్ లేదు, గడ్డివాము తోటి పోయింది నా ఇజ్జత్.

ఇగ బావను ఎన్క సీట్ల మెత్తలు వెట్టి కూసోవెట్టుకొని బస్సు స్టేజీ దాకా తోల్కపోయిన. ఒకటి మీదికెళ్లి రెండుకు మారేటప్పుడు ఠప్ అని ఒక దెబ్బ. బావ "ఓ అవ్వా" అన్నడు. రెండు మీదికెళ్లి మూడుకు మల్ల ఠప్. "నీయవ్వ, కారా ఇది, ఎద్దా? తన్నుతాంది!" అని మొదలువెట్టిండు. నాకు ముందుగాల తెల్వనే తెల్వలే, ముందు సీట్ల కూసున్నోనికి గంత తెలుస్తలేదు. నాకు తెలిసేది ఆయన నోటి తోటే. దేవరకొండల ఒక మెకానిక్‌కు చూపెట్టిన. "తాతా, గీ గేరు డబ్బ మాకు తెల్వదు, హైదరాబాద్ తీస్కపోవాలె, ఇప్పి చూడాలె, టైం పడ్తది" అన్నడు. నేనేమన్ననో తెలుసా? "గేర్లల్ల పుట్టి గేర్లల్ల పెరిగినోన్ని, నాకు చెప్తవా" అన్న. ఎనకట నేను గేరు మారుస్తె బస్సుల పసిపిల్లలు కూడ లేచేటోళ్లు కాదు, గా మదం. ఇంటికొచ్చి బానెట్ ఇప్పిన.

ఇప్పిన గని ఏముందో తెలిస్తే గద. బస్సుల గేరు అంటె నా చేతుల ఉండేది. గిదేమో దానంతటదే మార్చుకుంటది, చేతికి పని లేదు, చూసుడే. ముందుగాల నూనె చూసిన. ఎర్రగ షర్బత్ లెక్క ఉంటది దాంట్ల నూనె. మంచిగనే ఉన్నది. ఎవలో చెప్పిన్రు, ఫోన్ల చూపెడ్తరు తాతా అని. బావ మనుమరాలు హరిత ఫోన్ల పెట్టిచ్చింది. ఒక తెల్లోడు ఇంగ్లీషుల చెప్పుకుంట చెప్పుకుంట ఒక సన్న తీగెను చూపెట్టి, దాని నట్టు తిప్పిండు. వాని మాటొక్కటి అర్థం కాలే. నట్టు తిప్పుడు చూసిన. ఎటు దిక్కు తిప్పిండో చూడలే. గదీ నా సదువు.

ఆ తీగె సంగతి చెప్తా ఇను, నీకు కూడ తెలువాలె. యాక్సిలేటర్ కాడికెళ్లి గేరు డబ్బకు పోతది అది. మన కాలు ఎంత తొక్కుతాందో డబ్బకు చెప్పేది అదే. తీగె బిగుతుగుంటె, డబ్బ ఏమనుకుంటది? "అయ్య బాగ తొక్కుతాండు, జల్దిల ఉన్నడు" అనుకొని గేరును ఆపి ఆపి ఆఖరికి గట్టిగ కొడ్తది. జర వదులుగుంటె మెల్లగ, ముందుగాల్నే మారుస్తది. మరీ వదులైతె జారుతది, అది ఇంకో తిప్పల. గిదంత ఇప్పుడు చెప్తున్న పంతులు లెక్క. గప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, తీగె ఇంకా వదులుండాల్సింది, నా కంటికి గదే వదులుగ కనవడ్డది. చేయి వెట్టి మీటిన, ఊగింది. మగ్గపు ఇంట్ల పుట్టినోనికి వదులు పోగు చూస్తె ఏమయితదో నీకు తెల్వదు బిడ్డా. అన్నం ముంగట ఎంటిక కనవడ్డట్టే. మా నాయిన పడుగు మీద చేయి వెట్టి, ఒక్క పోగు వదులున్నా నా వీపు మీద చరిచేటోడు. బావ అయితె పక్కకు నిలవడి చూసి, "గంత వదులుంటె ఎట్ల నడుస్తదిరా, సాలెల ఇంట్ల పుట్టినవా సన్నాసుల ఇంట్ల పుట్టినవా? బిగియ్యి" అన్నడు. నేను బిగిచ్చిన. ఇద్దరం సంబురవడ్డం. మీటితె తంబుర లెక్క మోగింది.

ఇగ స్టేజీ దాకా పోయినం. దెబ్బ చూడు బిడ్డా, బావ మెత్త మీదికెళ్లి లేచి కూసున్నడు. ఆయన లెక్క ఆయనకుండె దెబ్బలకు. చిన్నగయితె "నాడె దెబ్బ" అనేటోడు, నాడె అటు ఇటు ఉరికితె తగిలే అంత. పెద్దగయితె "అచ్చు దెబ్బ", పోగును బిగిచ్చే అచ్చును గుంజి కొట్టినట్టు. ఆనాడు "అచ్చు కాదురా, మగ్గమే మీద పడ్డది" అన్నడు. నేనేమనుకున్న? ఇంకా సరిపోను బిగియ్యలే అనుకున్న! మల్ల బిగిచ్చిన. మల్ల స్టేజీ దాకా. మల్ల తిట్లు. ఇంటికాడికొచ్చి మల్ల బిగిచ్చుడు. స్టేజీ కాడ చాయ హోటల్ మల్లేష్ అడిగేటోడు, "ఏం ఐలేశం మామా, ఇయ్యాల నాడెనా, అచ్చా?" అని. ఊరు నవ్వుతాంది. బావ నవ్వుడు బంద్ వెట్టిండు గని. ఒకరోజు ఇంటికొచ్చినంక దిగలేకపోయిండు. అక్కా నేను చెరో దిక్కు పట్టి దించినం. మొకమంత చెమట. గప్పుడు నాకనిపిచ్చింది, గీయనను ఇక్కడనే సంపేటట్టున్న, ఆలంపూర్ యాడికెళ్లి అని. "బావా, హైదరాబాద్ తోల్కపోయి చేయిస్త, జర ఓపిక వట్టు" అన్న. "నువ్వు సక్కజేపిచ్చే వరకు అమ్మకు చీర కాదు, నాకు గుడ్డ కప్పాలె. తన్నితె తన్నని, పొద్దుగాల పోదాం పా" అన్నడు. మాట అంటె మాటనే ఆయనకు, మెడ లెక్క, తిరగది.

పోయినం. ఇద్దరమే. అక్క ఊపిరాడనీయలే, నేను కూడ వస్తనని, గని ఎన్క సీటంత ఆయనకే కావాలె, ముందు సీట్ల చీర వెట్టిండు, "అది కూసోవాలె" అని! అక్క పులిహోర కట్టిచ్చి గడపల నిలవడ్డది. దేవరకొండ దాటె దాక దెబ్బ దెబ్బకు ఒక తిట్టు. నన్ను, మా నాయినను, డాక్టరమ్మను, ఆ తెల్లోన్ని, ఎవలను ఇడువలే. కల్వకుర్తి దాటినంక మెల్లగ తిట్లు తగ్గినయ్. నేను అద్దంల చూసిన. బావ నోరు తెరిచి గుర్రు వెడ్తాండు! బండి చూస్తె మెత్తగ పోతాంది, గేరు ఎప్పుడు మారుతాందో తెలుస్తలేదు. నాకేమనిపియ్యాలె? సంబురమనిపియ్యాలె గద? నాకు భయమైంది. ఏదో ఊడిపోయిందనుకున్న. పక్కకు ఆపి బానెట్ ఇప్పిన. చూస్తె నేను బిగిచ్చిన నట్టు గుంటలకు ఊగి ఊగి వదులైంది, తీగె జారి ఊగుతాంది. "థూ, గిదా నీ పని" అని నన్ను నేనే తిట్టుకొని, పానా తీసి, పురాగ బిగిచ్చిన. నవ్వకు, నవ్వకు. నిజంగనే బిగిచ్చిన! చెయ్యి ఆగలే. సాలెల చెయ్యి.

బండి తీసిన్నో లేదో ఠప్. బావ గుర్రు మధ్యల తెగిపోయి, "ఎవడ్రా" అని లేచిండు. "ఏం జేసినవ్రా?" అన్నడు. "నట్టు వదులైంది బావా, బిగిచ్చిన." "గిప్పటిదాక నేను పండుకున్న గద, గప్పుడు వదులుండెనా?" "ఉండె." "మరి ఎందుకు బిగిచ్చినవ్?" "వదులైంది కాబట్టి." ఆయన మెడ తిరగది గద, అద్దంలకెళ్లి నన్ను చూసిండు, నేను అద్దంల ఆయనను చూసిన. ఇద్దరు ముసలోళ్లం, ఇద్దరికి ఒక్కపారే తెలిసింది గిన్ని రోజులు ఏం జేసినమో. "వదులు జెయ్యి" అన్నడు. "బావా, నువ్వేనా చెప్పేది?" అన్న. "నా పడుగుకు చెప్తున్ననారా? నీ డబ్బకు చెప్తున్న. జెయ్యి. ఎవలూ చూస్తలేరు" అన్నడు. అటు ఇటు చూసి, దొంగ లెక్క, వదులు జేసిన. ఇగ అక్కడికెళ్లి చూడు శ్రవణ్, నీళ్ల మీద పోయినట్టే. బీచుపల్లి కాడ కృష్ణ దాటేటప్పుడు "జర అద్దం దించురా, నది వాసన రానీ" అన్నడు. తిట్టకుండ ఆయన నాతోని మాట్లాడింది ఆనాడే అనుకుంట.

గుడిల అందరు వంగి వంగి దండం పెడ్తాన్రు, బావ నిటారుగ నిలవడి చూస్తాండు. పక్కకు ఒకామె, "ఏం పొగరు గీ ముసలోనికి, అమ్మ ముంగట కూడ వంగడు" అన్నది. నేను "అమ్మా, ఆయన వంగడు కాదు, వంగలేడు" అన్న. ఆమె పాపం లెంపలేసుకున్నది. చీర తన చేతులతోనే ఇచ్చిండు. పూజారి ఇప్పి అమ్మ కాళ్ల కాడ పరిచిండు. బావ ఏడుస్తడేమో అని నేను తువ్వాల తీసి పట్టుకున్న. ఆయన నా చెవుల, "అంచుల ఒక పోగు సాగిందిరా" అన్నడు. "అమ్మ చూస్తదా బావా" అన్న. "అమ్మ చూడదు. నేను చూస్తున్న గద" అన్నడు. గని మొకం చూస్తె పెండ్లికొడుకు లెక్క ఉన్నడు. ఆయన మొకం గట్ల నేనెప్పుడు చూడలే. బయటికొచ్చి తుంగభద్ర దిక్కు చాన సేపు కూసున్నం. పులిహోర మొత్తం తిన్నడు, నా వంతు కూడ. "మగ్గం ఎత్తేసినంక ఏం జేస్తవ్ బావా" అన్న. "నిన్ను తిడ్త" అన్నడు.

వచ్చేటప్పుడు ఆయనను మంచిగ మెత్తల మధ్యల సర్దిన. బీచుపల్లి దాటినం. పెబ్బేరు దాటినం. బావ మాట్లాడుతలేడు. నేను అనుకున్న, పండుకున్నడు, పొద్దుగాల పండుకున్నట్టే. ఇగ చూడు నా డాంబికం. నేను మొదలువెట్టిన. "చూసినవా బావా? నాడె దెబ్బ కూడ లేదు. ఏమన్నవ్ నన్ను, సన్నాసి అన్నవా? ముప్పై ఏండ్లు బస్సు నడిపినోన్ని బావా, ఉత్తగనే అనుకున్నవా." గట్ల మాట్లాడుకుంటనే ఉన్న. ఒకకాడ కావాల్నని గట్టిగ తొక్కిన, గేరు ఎట్ల మారుతదో చూద్దామని. జర కొట్టింది కూడ. బావ ఏమనలే. నేనేమనుకున్ననో తెలుసా? ఒప్పుకున్నడనుకున్న. పుట్టినకాడికెళ్లి నన్ను ఒక్కపారి మెచ్చుకోని మనిషి, గిదే మెచ్చుకునుడు అనుకున్న. కల్వకుర్తిల బండి ఆపి మిర్చీలు కొన్న. "లేపుదామా" అనుకున్న, మల్ల "పండుకోనీ, ఇన్ని రోజులకు మెత్తగ పండుకున్నడు" అనుకొని ఆయనవి కాయితంల కట్టుకున్న. మిర్చీలు తినుకుంట, పాట కూనిరాగం తీసుకుంట నడిపిన బిడ్డా. సంబురం పట్టలే నాకు. నా అసుంటి డ్రైవర్ లేడనుకున్న.

పొద్దుగూకే వరకు ఇంటి ముంగటికొచ్చినం. ఎంత మెత్తగ ఆపిననో, చిన్న కుదుపు కూడ లేదు. హారన్ కొట్టి, "అక్కా, నీ పెనిమిటిని పట్టుకో, ఒక్క దెబ్బ తగలకుండ తెచ్చిన, ఒక్క తిట్టు తిట్టలే, అడుగు" అన్న. గట్టిగ అన్న, నలుగురు ఇనాలెనని. అక్క నవ్వుకుంట వచ్చి ఎన్క డోర్ తీసింది. లేపుదామని చెయ్యి పట్టుకున్నది, చెయ్యి సల్లగుండె.

...

బస్సు నడిపినోడు ఎన్క ఎవలు ఎక్కిన్రు, ఎవలు దిగిన్రు చూసుకోవాలె బిడ్డా. కండక్టర్ బెల్లు కొడ్తె ఆగుడు, మల్ల కొడ్తె పోవుడు, ముప్పై ఏండ్లు నేను చేసిందే అది. ఎన్క ఉన్నది ఒక్క మనిషి. ఏడ దిగిండో నాకు తెల్వది. పెబ్బేరు కాన్నో, నాగర్‌కర్నూల్ కాన్నో, నేను మిర్చీలు కొన్నకాన్నో... ఇప్పటికీ తెల్వది.

లే, లే ఇగ. మొగులైంది, వానొస్తది, దండెం మీద బట్టలున్నయ్.